నల్ల గుండీ డబ్బా

మార్చి 3, సోమవారం

ఈ రోజు నాన్నని చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. తీసుకెళ్ళడం ఏమిటి, లాక్కెళ్ళాను. "మానిపోయాకే కదా అది మచ్చయింది, మానినదానికి మళ్ళీ మందేమిటి" అని ఆసుపత్రి మెట్ల దాకా వాదిస్తూనే ఉన్నాడు.

మచ్చ ఎలా వచ్చిందని డాక్టరమ్మ అడిగితే నాన్న చెప్పిన తీరు బాగుంది. "బస్సు ఇంజను వేడెక్కిందండీ. రేడియేటర్ మూత తిప్పాను. చల్లారేదాకా ఆగాల్సింది, జనం తొందరపెట్టారు. నేను తీసేలోపే మూత తనే లేచింది." మెడ పక్క ఎముక నుంచి రొమ్ము మీదిదాకా ఆవిరి కొట్టింది. కాలిన చోటు మానింది గాని, మానడం అంతటితో ఆపలేదు. చర్మం ఎర్రగా, ఎత్తుగా, తాడు పేనినట్టు లేచి నిలబడింది. అదీ సరిగ్గా సీటు బెల్టు పడే చోట. రోజంతా రాపిడి, రోజంతా దురద. ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో గోకుడు.

డాక్టరమ్మ మచ్చ మీద అతికించుకునే సిలికాన్ పట్టీ రాశారు. రెండు రకాల అలర్జీ మాత్రలు రాశారు. "నాకు అలర్జీ లేదండీ, మా ఆవిడకే నేనంటే కొంచెం ఉంది" అన్నాడు నాన్న. డాక్టరమ్మ నవ్వలేదు. నేను అడిగాను: ఇలాంటి మచ్చల్లో హిస్టమిన్ వదిలే కణాలు మామూలు చర్మంలో కంటే ఎక్కువ ఉంటాయట కదండీ, దురద దానివల్లే కదా, మచ్చ పెరగడంలో కూడా దాని చెయ్యి ఉందంటారు, అందుకేనా ఈ మాత్రలు? ఆవిడ కలం ఆపి నా వైపు చూశారు.

"ఏం చదివావు?"

"ఫార్మసీ అండీ. మందుల షాపులో చేస్తున్నాను."

"దురద తగ్గుతుంది. గోకుడు తగ్గితే మచ్చ రేగడం తగ్గుతుంది. ఎత్తు తగ్గుతుందా అంటే మాత్రం నేను మాటివ్వను. కొందరికి తగ్గుతుంది, కొందరికి తగ్గదు."

ఆవిడ ఇవ్వకపోతే ఏం, నేనిస్తాను. బయటికొచ్చాక నాన్నకి ఇచ్చేశాను కూడా. "కొన్ని నెలలు ఓపిక పట్టు, అణిగిపోతుంది చూడు."

"నువ్వు చెబితే అణుగుతుంది లేమ్మా. నీ మాటకి మీ అమ్మే అణిగింది."

ఒక మాత్ర పొద్దున వేసుకునేది, దానికి మత్తు ఉండదు. రెండోది మత్తుగా నిద్ర పట్టించేది, నిద్రలో తెలియకుండా గోక్కోకుండా ఉండటానికి. దాన్ని డాక్టరమ్మ "పడుకునే ముందు" అన్నారు. రెండూ తెల్లగా, గుండ్రంగా, కవలపిల్లల్లా ఉన్నాయి. అమ్మకి అక్షరాలు రావు. నాన్నకి బస్సు బోర్డు మీది ఊళ్ళ పేర్లు వచ్చు, అంతే. కాబట్టి ఏర్పాటంతా నేనే చేశాను. అమ్మ బస్సు సీట్లకి కవర్లు కుట్టే మిషను పక్కన గుండీల డబ్బాలు ఉంటాయి. వాటిలో రెండు ఖాళీ చేసి, తుడిచి, ఒకదాని మూత మీద తెల్ల గుండీ, ఇంకోదాని మీద నల్ల గుండీ అతికించాను.

"తెల్లది పగలు, నల్లది రాత్రి. చెప్పమ్మా."

"తెల్లది పగలు, నల్లది రాత్రి."

మూడుసార్లు చెప్పించాను. మత్తు, హిస్టమిన్, పడుకునే ముందు, ఇవన్నీ అమ్మకెందుకు? ఎంత తక్కువ చెబితే అంత బాగా గుర్తుంటుంది.

మా వంశంలో బడి గడప తొక్కి చివరిదాకా చదివింది నేనొక్కదాన్నే. ఇన్నాళ్ళూ బయటివాళ్ళకే పనికొచ్చిన ఆ చదువు ఇంటికి పనికొచ్చింది ఇవాళే.

మార్చి 9, ఆదివారం

మచ్చ పొడవు స్కేలు పెడితే తెలుస్తుంది. ఎత్తు ఎలా కొలవాలో తెలియలేదు. తల బద్దలుకొట్టుకుంటుంటే అమ్మ అంది, "మిట్ట మీంచి దారం వేసి చూడు. మిట్ట ఎత్తుగా ఉంటే దారం ఎక్కువ పడుతుంది. సీటు కవరుకి కొలత తీసినట్టే."

మచ్చకి ఇటొక పుట్టుమచ్చ, అటొక పుట్టుమచ్చ ఉన్నాయి. ఒకదాన్నించి ఇంకోదాని దాకా మచ్చ మీదుగా ఎర్ర దారం పరిచి, సరిగ్గా తెంపి, అట్టముక్క మీద అంటించాను. ఇది మొదటి దారం. నాన్న కదలకుండా కూర్చున్నాడు. "కొత్త చొక్కా ఎప్పటికి తయారవుతుంది?" అని మాత్రం అడిగాడు.

మార్చి 16, ఆదివారం

రెండో దారం మొదటిదానికంటే పొట్టిగా ఉంది. వడ్లగింజంత. అయినా పొట్టిదే.

"అంత బిగించి లాగితే ఏనుగైనా సన్నబడుతుంది" అంది అమ్మ. బిగించలేదు. దారం వదులుగా ఉంటే కొలత తప్పొస్తుంది కదా.

దురద సంగతికి సాక్షి ఉన్నాడు. నాన్న నడిపే బస్సులోని కండక్టరు. నోరు మూతపడదు కాబట్టి డిపోలో అందరూ రేడియో అంటారు. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పాడు, "అమ్మాయ్, మీ నాన్న గోక్కోవడం మానేశాడు. ఇన్నాళ్ళూ అద్దంలో చూసి వీణ వాయిస్తున్నాడనుకునేవాణ్ణి."

మార్చి 20, గురువారం

వచ్చే సోమవారం నుంచి నాన్నకి రాత్రి బండి. రాత్రి బండి అందరికీ ఇవ్వరు. నిద్రపోయేవాళ్ళందరి ప్రాణాలూ చేతిలో పెడతారు కాబట్టి చెయ్యి చూసి ఇస్తారు. అమ్మకి బెంగ. నాన్నకి గర్వం, కానీ కనపడనివ్వలేదు. చొక్కా మాత్రం తనే ఇస్త్రీ చేసుకున్నాడు.

రేడియో కూడా అదే బండి.

మార్చి 25, మంగళవారం

నాన్న పగలు పడుకోవడానికి అంతా సిద్ధం చేశాను. కిటికీకి ముదురు రంగు గుడ్డ కట్టాను. తలుపు కిర్రుమనకుండా నూనె వేశాను. అమ్మ మిషను వంటింట్లోకి మార్చాను. "ఇంతకంటే నన్నే పెట్టెలో పెట్టి మూత వేయొచ్చు కదా" అన్నాడు నాన్న.

అన్నీ ఆలోచించాను. ఏదీ మర్చిపోలేదు.

మార్చి 27, గురువారం

రాత్రంతా బండిలో నాన్న చెయ్యి మచ్చ మీదికి పోలేదని రేడియో చెప్పాడు. మందు బ్రహ్మాండంగా పనిచేస్తోంది.

మార్చి 30, ఆదివారం

మూడో దారం ఇంకా పొట్టిది.

అమ్మ దిండు గలీబు తెచ్చి చూపించింది. చిన్న రక్తపు చుక్క. నాన్న పగటి నిద్రలో గోక్కుంటున్నాడట. పగలు ఉక్క, చెమట. చెమటకి దురద సహజం. అమ్మకి అదే చెప్పాను. "రాత్రి నిద్రపోయినన్నాళ్ళూ లేదు కదే" అంది. రాత్రి చల్లగా ఉంటుంది కదా మరి.

రేడియో వచ్చాడు. ఇవాళ వాడి గొంతు తగ్గి ఉంది. "అన్న ఈమధ్య మాట్లాడటం లేదమ్మాయ్. నేను కథ చెబితే ఊఁ కొట్టేవాడు. ఇప్పుడు ఊఁ కూడా వెనకబడింది. నేను కథ ముగించి టీ తాగొచ్చాక వస్తుంది."

దురద లేకపోతే మనిషి నెమ్మదిస్తాడు. నాన్న ఇన్నాళ్ళకి నిమ్మళంగా ఉన్నాడు. నవ్వుతూ రేడియోకి చెప్పాను, "నీ కథలు విని విని ఎవరైనా అలాగే అవుతారు బాబాయ్."

ఏప్రిల్ 2, బుధవారం

షాపుకి బయల్దేరుతుంటే నాన్న గుమ్మంలో ఆపాడు. అప్పుడే బండి దిగి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అమ్మా, నా కళ్ళు పరీక్ష చేయించాలంటావా?"

"మసకగా ఉన్నాయా?"

"మసక కాదు. బరువు." చెప్పులు విప్పుతూ, "ఒళ్ళు కూడా మునుపటిలా మాట వినడం లేదు" అన్నాడు.

నాకు ఆలస్యమవుతోంది. అయినా నిలబడి ఓపిగ్గా వివరించాను. యాభై దాటాక నిద్ర తీరు మారుతుందనీ, శరీరం చురుకుదనం తగ్గుతుందనీ, భయపడాల్సింది ఏమీ లేదనీ, అందరికీ ఇంతేననీ చెప్పాను. పుస్తకంలో ఉన్నట్టే చెప్పాను. నాన్న శ్రద్ధగా విన్నాడు.

"అయితే వయసంటావు."

"వయసే నాన్నా."

తలూపి లోపలికెళ్ళాడు. నాన్నకి నేను చెబితే ధైర్యం.

ఏప్రిల్ 5, శనివారం

మధ్యాహ్నం రేడియో షాపు ముందు నిలబడి ఉన్నాడు. లోపలికి రాడు, వెళ్ళడు. పెద్ద ఫార్మసిస్టు గారిని అడిగి బయటికెళ్ళాను.

"నేను చెప్పానని చెప్పకు. చెబితే మీ నాన్న నన్ను బండి కింద పెడతాడు."

మొన్న రాత్రి బస్సు రోడ్డు దిగి పక్కన కంకర మీదికి వెళ్ళిందట. కంకర చప్పుడికి రేడియో అరిచాడు. నాన్న అప్పుడు స్టీరింగు తిప్పాడు. ఎవరికీ ఏం కాలేదు. జనానికి తెలియను కూడా తెలియలేదు, అందరూ నిద్రలో ఉన్నారు. ఆ తర్వాత కల్వర్టు గోడ వచ్చిందట, చాలా దగ్గరలో. నాన్న బండి ఆపి, దిగి, పంపు కింద తల పెట్టి చాలాసేపు ఉన్నాడట.

"తల తుడుచుకుని నాతో ఏమన్నాడో తెలుసా? నా పని అయిపోయిందిరా అన్నాడు. నిన్న డిపో మేనేజరుని కలిసి, స్టీరింగు వద్దు, గేటు దగ్గర వాచ్‌మన్ పని ఇప్పించండి అని అడిగాడు. సోమవారం రమ్మన్నారు. వయసు మీద పడింది, మా అమ్మాయి కూడా అదే చెప్పింది అన్నాడట."

"బాబాయ్, రక్తపరీక్ష చేయిద్దాం, చక్కెర ఉందేమో, గుండె కూడా చూపిద్దాం" అని ఒకదాని మీద ఒకటి చెప్పుకుపోయాను. రేడియో ఎప్పుడూ లేనిది మాట్లాడకుండా విన్నాడు.

నాన్నకి బస్సు అంటే ఉద్యోగం కాదు. ఇంటి గోడ మీద మా ఫోటోలకంటే ముందు బస్సు ఫోటో పెట్టాడు. గేటు దగ్గర కుర్చీ వేసుకుని వేరేవాళ్ళు బండ్లు తీస్తుంటే గొలుసు దించుతూ కూర్చుంటాడా?

కారణం కనిపెడతాను. సోమవారం లోపు కనిపెడతాను. నేను చదివింది ఇందుకే.

ఏప్రిల్ 6, ఆదివారం

కనిపెట్టాను.

సాయంత్రం నాన్న స్నానం చేసి, పట్టీ అతికించుకుని, చొక్కా వేసుకుంటున్నాడు. ఈ రాత్రికి కూడా డ్యూటీ ఉంది. నేను నాడి చూద్దామని పక్కనే కూర్చున్నాను. అమ్మ గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. మిషను పక్కకి చెయ్యి చాపి, చూడకుండానే ఒక డబ్బా అందుకుంది. నల్ల గుండీ.

"అదేమిటమ్మా?"

"మాత్ర."

"ఇప్పుడెందుకు?"

"చీకటి పడుతోంది కదా. మీ నాన్న బండెక్కాక నేను వెనకాల పరిగెత్తి ఇవ్వనా?"

"రోజూ ఇప్పుడే ఇస్తున్నావా?"

"మరి? తెల్లది పగలు, నల్లది రాత్రి. బడిపిల్లలా మూడుసార్లు వల్లె వేయించావు. ఒక్కరోజు తప్పలేదు." తన మీద తనకి నమ్మకంగానే అంది.

నాన్న అరచేతిలో మాత్ర. రెండో చేతిలో గ్లాసు.

"నాన్నా, మింగకు."

నా గొంతు విని ఇద్దరూ ఆగిపోయారు. చెప్పాను. అది మత్తు మాత్ర అని. నిద్ర కోసం ఇచ్చిందని. డాక్టరమ్మ రాత్రి అనలేదని, పడుకునే ముందు అన్నారని. నాన్న రాత్రి పడుకున్నన్నాళ్ళూ రెండూ ఒకటేనని, డ్యూటీ మారాక కావని. కిటికీకి గుడ్డ కట్టాను గాని ఇది నాకు తట్టలేదని.

అమ్మ మిషను ముందున్న స్టూలు మీద కూలబడింది. "అంటే నేను చేతులారా..."

"నువ్వు కాదు. నాకు చెప్పింది ఒకటి, నేను నీకు చెప్పింది ఇంకొకటి. నీకు అర్థం కాదనుకుని తగ్గించి చెప్పాను."

అమ్మ నా వైపు చూసింది. తిట్టినా బాగుండేది.

నాన్న మాత్రని వేళ్ళ మధ్య తిప్పి తిప్పి చూశాడు. "ఇంత కూడా లేదు. ఏం నిద్రమ్మా అది. బండి నిండా జనం పడుకుని ఉంటే, వాళ్ళందరి నిద్రా వచ్చి నా రెప్పల మీద కూర్చున్నట్టుండేది." తర్వాత, "అయితే వయసు కాదా?" అన్నాడు.

"కాదు నాన్నా."

"నువ్వే అన్నావు కదమ్మా."

"తెలియకుండా అన్నాను."

"మాత్ర వల్లేమో అని ఒకసారి అనిపించింది. అమ్మాయి ఇచ్చింది కదా, అలా ఎందుకవుతుందిలే అనుకున్నాను."

ఇంతకంటే పెద్ద తిట్టు నాన్న నోటి నుంచి నేనెప్పుడూ వినలేదు. నాన్న దాన్ని తిట్టుగా అనలేదు.

మాత్రని డబ్బాలో పడేసి మూత పెట్టాడు. డిపోకి ఫోన్ చేసి ఈ రాత్రి బండి తీయనని చెప్పాడు. అప్పుడు నవ్వు మొదలైంది, ముందు పొట్టలో, తర్వాత భుజాల్లో. "ఒసే, నేను ముసలాణ్ణి కాదటే" అన్నాడు అమ్మతో. అమ్మకి నవ్వు రాలేదు, ఏడుపు వచ్చింది. "అదీ నేనే చెప్పాలా" అంది కళ్ళు తుడుచుకుంటూ.

ఏప్రిల్ 7, సోమవారం

నాన్న వద్దన్నా తన వెంట డిపోకి వెళ్ళాను. మేనేజరు గారి గదిలో నేనే చెప్పాను. నాన్నని చెప్పనిస్తే తప్పు తన మీద వేసుకుంటాడు.

ఆయన అంతా విని, "మందుల షాపులో పనిచేస్తూ ఇలా చేశావా?" అన్నారు.

"అవునండీ."

"మీ నాన్న అడిగిన గేటు పని ఖాళీగానే ఉంది."

"నాన్న ఆ పని అడిగింది నా మాట నమ్మి. ఆ మాట తప్పని చెప్పడానికే వచ్చాను. మాత్ర ఆపేశాం. డాక్టరమ్మకి చూపించి, ఆవిడ సరే అన్నాకే స్టీరింగు ఇవ్వండి."

ఆయన నాన్నని ఎగాదిగా చూశారు. "బండి రోడ్డు దిగిన రోజే ఈ గదికి వచ్చి చెప్పాలి, మర్నాడొచ్చి వయసు మీద పడిందనడం కాదు" అన్నారు. నాన్న తల వంచుకున్నాడు. డాక్టరమ్మ సంతకం తెచ్చేదాకా సెలవు, ఆ తర్వాత కొన్నాళ్ళు పగటి బండి, పనితీరు చూసి రాత్రి బండి. సమ్మతమే.

బయట రేడియో తలుపుకి చెవి పెట్టుకుని ఉన్నాడు. "గేటు కుర్చీ నాకైనా ఇప్పించన్నా, కూర్చుని మాట్లాడుకుంటాను" అన్నాడు.

"నువ్వు గేటు దగ్గరుంటే బండ్లు బయటికి పోతాయా? అందరూ కథలు వింటూ అక్కడే ఉంటారు" అన్నాడు నాన్న. ఈసారి ఊఁ ఆలస్యం కాలేదు.

ఏప్రిల్ 8, మంగళవారం

డాక్టరమ్మ నన్ను కోప్పడతారని సిద్ధపడి వెళ్ళాను. "రాత్రి డ్యూటీలు కూడా ఉంటాయా అని నేనూ అడగాల్సింది" అన్నారు. బండి నడిపినన్నాళ్ళూ మత్తు మాత్ర వద్దన్నారు. పొద్దున మాత్ర, పట్టీ కొనసాగించమన్నారు. ఎత్తు తగ్గడానికి మచ్చలోకే ఇంజెక్షన్లు మొదలుపెడదామన్నారు. సూది అనగానే నాన్నకి నా చదువు మీద గౌరవం మళ్ళీ పెరిగింది, "మాత్రలే బాగున్నాయి కదమ్మా, నువ్వు చెప్పు" అన్నాడు.

ఇంటికొచ్చాక అమ్మ మిషను ఆపింది. "ఈసారి మొత్తం చెప్పు. ఎందుకో కూడా చెప్పు."

చెప్పాను. చర్మం, కణాలు, హిస్టమిన్, అది దురద పుట్టించడం, మాత్ర దాన్ని అడ్డుకోవడం, నల్ల డబ్బాలోని పాతరకం మాత్ర మెదడులోకి కూడా వెళ్ళి మత్తు తేవడం. అమ్మ మధ్యలో రెండుసార్లు ఆపి అడిగింది. చివరికి అంది, "అంటే లోపల కూర్చుని ఒకడు గిల్లుతున్నాడు. వీడు వాడి చెయ్యి పట్టుకుంటాడు. రెండోవాడు చెయ్యి పట్టుకుని జోల కూడా పాడతాడు."

షాపులో ఎవరికీ నేను ఇంత బాగా చెప్పలేదు.

ఏప్రిల్ 13, ఆదివారం

ఇవాళ దారం అమ్మ వేసింది. లాగలేదు, వదల్లేదు. మచ్చ మీద ఎలా పడితే అలా పడనిచ్చింది. తెంపి అట్ట మీద పెట్టాం.

మొదటి దారమంతే ఉంది.

నా రెండు పొట్టి దారాలు మధ్యలో ఉన్నాయి. పీకేద్దామనుకున్నాను. ఉండనిచ్చాను. దురద తగ్గిందన్నది నిజం, అది నాన్న చెప్పాడు, రేడియో చూశాడు. మచ్చ ఎత్తు తగ్గలేదన్నదీ నిజం. ఇంజెక్షన్ల తర్వాత మళ్ళీ కొలుస్తాం. అమ్మే కొలుస్తుంది.

ఏప్రిల్ 17, గురువారం

షాపులో ఇప్పుడు మత్తు మాత్ర ఏది ఇచ్చినా అడుగుతున్నాను: "మీరు ఎప్పుడు పడుకుంటారు?"

ఇవాళ బేకరీ ఆయన కంగారుపడి పక్కనున్న భార్య వైపు చూశాడు. "ఆ సంగతి నీకెందుకమ్మా?" అంది ఆవిడ.

ఎందుకో చెప్పాను. ఆయన తెల్లవారుజామునే పొయ్యి వెలిగిస్తాడట. మాత్ర మార్పించాను. పెద్ద ఫార్మసిస్టు గారు కళ్ళజోడు మీంచి చూశారు. సాయంత్రానికి ఆయన కూడా ఒకరిని అడగడం విన్నాను.

ఏప్రిల్ 26, శనివారం

నిన్న నాన్నకి రాత్రి బండి తిరిగి ఇచ్చారు. అమ్మ బెల్టుకి మెత్తటి దూది తొడుగు కుట్టింది, సీటు కవర్ల గుడ్డతోనే. నల్ల గుండీ డబ్బాలో మళ్ళీ గుండీలు పోసుకుంది.

ఊరి చివరి స్టాపు దాకా నేనూ బస్సెక్కాను.

"తనిఖీ అధికారులా?" అన్నాడు రేడియో.

"టికెట్టివ్వు బాబాయ్."

ముందు సీట్లో కూర్చున్నాను. వీధి దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. వెనకాల జనం దుప్పట్లు సర్దుకుంటున్నారు, ఒకావిడ అప్పుడే తల కిటికీకి ఆనించి కళ్ళు మూసుకుంది. ఎవరు నడుపుతున్నారో కూడా చూడలేదు. అద్దంలో నాన్న కళ్ళు రోడ్డు మీద ఉన్నాయి, తెల్లగా, తేలిగ్గా.

కూడలి దగ్గర ఎర్ర దీపం పడింది. బండి ఆగింది. నాన్న చెయ్యి నెమ్మదిగా పైకి లేచి, బెల్టు తొడుగు కిందికి దూరింది. గోకాడు. అద్దంలో నన్ను చూసి, జేబులో చెయ్యి పెడుతూ దొరికిన దొంగలా ఆగిపోయాడు.

నేను ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాను. చూడనట్టే కూర్చున్నాను. ఇంకో రెండుసార్లు గోక్కున్నాడు.

పచ్చ దీపం వెలిగీ వెలగకముందే నాన్న చెయ్యి గేరు మీదికి వెళ్ళిపోయింది.